కుక్రీ: పోరుకు ఏది, పనికి ఏది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మచ్చుకత్తి, కొడవళ్ల గురించి ఇదివరకు రాసిన వ్యాసంలో నేపాలీల వంపు కత్తి కుక్రీని ఒక్క మాటతో దాటేశాం. దాని మీదే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా చిన్నాయన మిలిటరీలో చేసి రిటైరయి వస్తా డెహ్రాడూన్ నుంచి రెండు కుక్రీలు తెచ్చినాడు. ఒకటి సన్నగా, తేలిగ్గా ఉంది. ఇంకోటి పొట్ట వెడల్పుగా, బరువుగా ఉంది. సన్నది యుద్ధానికి, లావుది పనికి అంటాడు. నిజంగా అంత తేడా ఉందా? మా చీనీ తోటలో ఏది వాడాల?
– ఒక రైతు, ఉరవకొండ

జవాబు: మీ చిన్నాయన చెప్పింది నిజమే. సన్న రకాన్ని నేపాల్‌లో సిరుపాతే అంటారు. వెడల్పు రకాన్ని ఆకారాన్ని బట్టి భోజ్‌పురే అనో బుధునా అనో పిలుస్తారు. అయితే పేరును నమ్ముకుని లాభం లేదు. ఒకే పేరుతో ఒక్కో కొలిమిలో ఒక్కో కొలత వస్తుంది. మీరు చూడాల్సింది వెన్ను మందం, పొట్ట వెడల్పు, బరువు ఎక్కడ తూగుతోందన్నది.

ఏ కుక్రీ అయినా పిడి నుంచి కొంతదూరం నేరుగా వచ్చి, అక్కడ కిందికి వంగుతుంది. వంపు దాటాక వెడల్పయ్యే భాగమే పొట్ట. ఈ వంపు వల్ల రెండు పనులు జరుగుతాయి. బరువు చేతికి దూరంగా, దెబ్బ తగిలే చోటికి చేరుతుంది. అంచు కట్టెను అడ్డంగా కాక ఏటవాలుగా తాకుతుంది కాబట్టి దెబ్బతో పాటే కోత కూడా పడుతుంది. అందుకే పది పన్నెండు అంగుళాల బ్లేడు అదే పొడవున్న తిన్నని కత్తి కంటే లోతుగా దిగుతుంది.

సిరుపాతేలో పొట్ట సుమారు నాలుగు సెంటీమీటర్లకు మించదు. వెన్ను ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్లు, మొత్తం బరువు అర కిలో అటూ ఇటూ. పొన్ను దాటిన చోట బ్లేడును వేలిమీద ఆనించి ముందుకు జరుపుతూ చూడండి, తూకం పిడికి దగ్గర్లోనే దొరుకుతుంది. పోరాటంలో దెబ్బ వేయడం ఒక్కటే చాలదు. తప్పిన దెబ్బను మధ్యలో ఆపాలి, వెనక్కి లాగాలి, దిక్కు మార్చాలి. పిడి దగ్గర తూగే కత్తి మణికట్టు చెప్పినట్టు వింటుంది.

భోజ్‌పురే, బుధునా రకాల్లో పొట్ట ఐదున్నర, ఆరు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. వెన్ను తొమ్మిది నుంచి పన్నెండు మిల్లీమీటర్లు, బరువు ముప్పావు కిలో, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. తూకం బాగా ముందుకు, పొట్ట వైపు పోతుంది. మీరు చెయ్యి ఎత్తి వదిలితే చాలు, మిగతాది బరువే చూసుకుంటుంది. అదే పోరులో అయితే శాపం. తప్పిన దెబ్బ చేతిని కూడా లాక్కుపోతుంది, మళ్లీ ఎత్తేలోపు ఎదుటివాడు పని ముగిస్తాడు.

ఇక సన్నదాన్ని కట్టెలు కొట్టడానికి తీసుకుంటే ఏమవుతుందంటే, ముందుగా దెబ్బ దెబ్బకీ చేతిలో గట్టిగా అదురుతుంది. వెన్నులో సత్తువ తక్కువ కాబట్టి కట్టెలో ఇరుక్కున్నప్పుడు పక్కకు తిప్పితే బ్లేడు వంకర పోతుంది. అంచును పలచగా దించి ఉంటారు కనుక నల్లతుమ్మ చేవ, ఎండిన చింత మొద్దు తగిలితే పెచ్చులూడుతుంది. పచ్చి గడ్డి, లేత కొమ్మలు, వెదురు రెమ్మలకైతే సిరుపాతే చక్కగా పనికొస్తుంది.

ఈ రెండింటికీ మధ్య రకం సైన్యపు కుక్రీ. బ్రిటిష్ ఇండియా సైన్యం మార్క్ 1, మార్క్ 2, మార్క్ 3 అని కొలతలు ఖరారు చేసి చేయించింది కూడా ఇలాంటివే. సిపాయి దానితో పొద నరకాలి, వంటకు కట్టె చీల్చాలి, అవసరమైతే కందకంలో కలబడాలి. 1945 మార్చి 5న బర్మాలో గూర్ఖా సిపాయి భానుభక్త గురుంగ్ చేతిబాంబులు అయిపోయాక శత్రు బంకరు దగ్గర కుక్రీతో పోరాడి, బ్రిటన్ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ పొందాడు. కందకం లాంటి ఇరుకు చోట పొడవాటి కత్తికి ఊపు అందదు.

మీ చీనీ తోట సంగతి. కత్తిరింపులకు రెండూ వద్దు. కుక్రీ దెబ్బకు బెరడు చీరుకుపోతుంది, ఆ గాయంలోంచి బంక తెగులు దిగుతుంది. వేలిలావు కొమ్మకు కత్తెర, అంతకు లావైతే రంపం వాడండి. కోసిన చోట కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ల లెక్కన చేసిన బోర్డో పేస్టు పూయండి. కోసి పడేసిన కొమ్మలను ముక్కలు చేయడానికి లావు కుక్రీ బాగుంటుంది. గట్టు మీద కంప కొట్టడానికి మాత్రం తీయకండి. పొట్టి కత్తి కాబట్టి చెయ్యి ముళ్లలోకి పోతుంది. పైగా మన నేలల్లో కంప మొదట్లో రాళ్లే ఎక్కువ, పొట్ట అంచు మొదటి రోజే పోతుంది. కంపకు మన మచ్చుకత్తే మేలు. దాని వంకీ కొనతో కొమ్మను లాగి కొట్టొచ్చు, రాయి తగిలినా ముందు కొనే తింటుంది. పైకొమ్మలకు దోటి ఉండనే ఉంది.

కట్టె కొట్టేటప్పుడు కాళ్లు ఎడంగా పెట్టి, దెబ్బ తప్పినా మోకాలి చిప్ప వైపు రాకుండా పక్కకు నిలబడండి. నేరుగా అడ్డంగా కొట్టకుండా ఒకటి కుడి ఏటవాలు, ఒకటి ఎడమ ఏటవాలుగా వేస్తూ పెచ్చు ఎగరగొట్టండి. గంటు వెడల్పు కట్టె మందంతో సమానంగా ఉండాలి. ఇరుకు గంటులో కత్తి ఇరుక్కుంటుంది. దెబ్బ పొట్టతోనే పడాలి. ఇరుక్కుంటే పక్కకు మెలిపెట్టకుండా, పిడిని పైకీ కిందికీ ఊపి అదే గీతలో బయటికి తీయండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల నుంచి పదివేల దాకా కుక్రీలు కనిపిస్తున్నాయి. మంచిదో, బొమ్మదో తెలుసుకునేది ఎట్లా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: అద్దంలా మెరిసే క్రోమ్ పూత, సింహం తల ఇత్తడి పిడి, బ్లేడు మీద పువ్వుల చెక్కడం, ఈ మూడూ కలిసి ఉంటే అది గోడకు తగిలించేదే. పనికొచ్చేది ఎక్కువగా లారీ కమాన్ పట్టీ ఉక్కుతో చేస్తారు. చూడటానికి సాదాగా ఉంటుంది, సమ్మెట గుర్తులు కనిపించినా తప్పు కాదు.

చేతికి వచ్చాక చిన్న ఆకురాయితో పరీక్షించండి. పొట్ట అంచు మీద ఆకురాయి జారిపోవాలి, వెన్ను మీద, కొన దగ్గర కొరకాలి. నేపాలీ కమ్మరులు ఎర్రగా కాల్చిన బ్లేడును నీళ్లలో ముంచరు. కెటిల్‌తో పొట్ట అంచు వెంబడి మాత్రమే నీళ్లు పోస్తారు. దాంతో అంచు గట్టిపడుతుంది, వెన్ను మెత్తగా ఉండి దెబ్బ అదురును తట్టుకుంటుంది. అంతటా ఆకురాయి కొరికితే ఆ కత్తికి పదును పట్టలేదని, అంటే కాల్చి గట్టిపరచలేదని అర్థం. అంతటా జారితే మరీ గట్టిది, చలికాలం పొద్దున ఎండు తుమ్మ మీద కొడితే విరగొచ్చు.

నీళ్లు పోసి పదును పట్టిన కత్తికి ఒక్కోసారి అంచుకు అడ్డంగా వెంట్రుకవాసి పగుళ్లు పడతాయి. కిరోసిన్ రాసి, పది నిమిషాలాగి బాగా తుడిచి, పైన సుద్దపొడి చల్లండి. పగులుంటే కిరోసిన్ బయటికి ఊరి సుద్దలో నల్లగీత కనిపిస్తుంది. అలాంటిది వెనక్కి పంపండి, సాన పడితే పోయేది కాదు.

పిడి విషయం. బ్లేడు వెనక పిడిలోకి వెళ్లే భాగాన్ని తోక అంటారు. అది పిడి పొడవునా వెళ్లి రెండు చెక్కల మధ్య మేకులతో బిగిస్తే దాన్ని పానావల్ అంటారు. బరువు పనికి అదే మంచిది. సన్నని తోకను పిడిలోకి దించి, లాహా అనే జిగురుతో నింపి, వెనక ఇత్తడి బిళ్ల మీద కొట్టి బిగించేది పాత పద్ధతి. తేలికపాటి పనికి అది చాలు. వెన్ను మీద కర్రతో కొట్టి మొద్దు చీల్చే అలవాటున్నవాళ్లకు మాత్రం ఆరు నెలల్లో కదులుతుంది. నేపాలీ పిడులు చాలావరకు పొట్టివి. మీ అరచేయి పెద్దదైతే పిడి కొలత ముందే అడగండి.

బ్లేడు మీద పొడవాటి గాళ్లుంటే కంగారు పడకండి. ఒకటే లోతైన గాడి అయితే ఆంగ్ ఖోలా, మూడు సన్నగాళ్లయితే తీన్ చిరా. వెన్ను మందం తగ్గకుండానే బరువు తగ్గించడానికి వాటిని దించుతారు. మాకు పనికి ఆంగ్ ఖోలా నచ్చుతుంది. మూడు గాళ్లదాన్ని చేయడం కష్టం, ధర ఎక్కువ, పొలంలో దానివల్ల అదనపు లాభం లేదు.

ప్రశ్న: కుక్రీ ఒరలోంచి తీస్తే రక్తం చూడందే మళ్లీ పెట్టకూడదంట కదా? పిడి దగ్గర ఆ గంటు ఎందుకు? ఒరలో ఉన్న రెండు చిన్నకత్తులు దేనికి? ఒకదానికి పదునే లేదు, పారేయాలనుకుంటున్నా.
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: పారేయకండమ్మా. పదును లేనిదే మీకు ఎక్కువ అవసరం. దాని పేరు చక్మక్. పని ముగిశాక అంచు మీద దాన్ని ఏటవాలుగా, అటొకటి ఇటొకటిగా పది పన్నెండుసార్లు ఒత్తి లాగితే మడతపడిన అంచు మళ్లీ నిలబడుతుంది. చెకుముకి రాయితో కొట్టి నిప్పు పుట్టించడానికీ పూర్వం వాడేవారు. పదునున్న చిన్నది కర్దా. తాడు కోయడం, తొక్క తీయడం లాంటి చిన్న పనులకు.

రక్తం మాట అబద్ధం. నేపాల్ కొండ పల్లెల్లో రోజూ పొద్దున్నే కుక్రీ తీసి పొయ్యిలోకి కట్టె చీలుస్తారు, పశువుల మేత కోస్తారు, కూరగాయలు తరుగుతారు. దసైన్ పండక్కి బలి ఇవ్వడం వేరే సంగతి, దానికి పెద్ద కత్తులు వేరుగా ఉంటాయి.

గంటును ఛో అంటారు. శివుడి త్రిశూలమనీ, ఆవు గిట్ట గుర్తనీ, పసరు పిడి మీదికి కారకుండా అడ్డమనీ రకరకాలుగా చెబుతారు. పనిచేసేవాడికి మాత్రం అది అంచు ముగిసే హద్దు, సాన పట్టేటప్పుడు రాయి అక్కడ ఆగాలి. గంటు మూలలు పదునుగా ఉంటే అక్కడే పగులు మొదలయ్యే ప్రమాదం ఉంది. గుండ్రంగా నునుపు చేసినదాన్ని ఎంచుకోండి.

ప్రశ్న: మా పిల్లోడు ఒరలోంచి కుక్రీ తీస్తా ఎడమచేతి వేళ్లు కోసుకున్నాడు. కత్తి బయటికి రాకముందే తెగింది. ఎట్లా జరిగింది? దీంతో టెంకాయ కొట్టొచ్చా, మాంసం కొట్టొచ్చా?
– ఒక గృహిణి, కడప

జవాబు: కుక్రీతో జరిగే గాయాల్లో ఎక్కువగా చూసేది ఇదే. ఒర రెండు చెక్క బద్దలను కలిపి పైన తోలు తొడిగి చేసేది. వంకర బ్లేడును తిన్నగా లాగితే అంచు బద్దల అతుకును కోసుకుంటూ వస్తుంది. అంచు వైపు వేళ్లు చుట్టి పట్టుకుంటే ఆ చీలికలోంచి నేరుగా వేళ్లకే తగులుతుంది.

ఒరను వెన్ను వైపు నుంచి పట్టుకోవాలి. బొటనవేలు ఒక పక్క, మిగతా వేళ్లు రెండో పక్క చదునుగా ఉండాలి. అంచు వైపు ఒక్క వేలు కూడా ఉండకూడదు. తీసేటప్పుడు కత్తి వెన్నును ఒర వెన్నుకు ఆనిస్తూ, వంపు ఎటు పోతే చెయ్యి అటు పోనిస్తూ లాగాలి. పెట్టేటప్పుడూ అంతే. ఇప్పటికే ఒర అతుకు విడిపోయి ఉంటే దాన్ని వాడటం ఆపండి. చెప్పులు కుట్టేవారి దగ్గర తోలు విప్పించి, బద్దలు అతికించి మళ్లీ కుట్టించండి. పిల్లలకు అందకుండా పెట్టమని వేరే చెప్పక్కర్లేదు.

లేత టెంకాయ బొండాం చెక్కడానికి లావు కుక్రీ బాగుంటుంది. ముదురు కాయను వెన్నుతో కొట్టండి. మాంసం కోయొచ్చు, కీళ్ల దగ్గర విడదీయొచ్చు. పొట్టేలు తొడ ఎముక మీద మాత్రం వేయకండి, అంచు నెల వంకలా విరుగుతుంది. పని కాగానే కడిగి, తుడిచి, ఆరబెట్టండి. చింతకాయ, చీనీ, నిమ్మ పులుపు గంటలోపే నల్ల మరకలు వేస్తుంది.

ప్రశ్న: సాన పట్టే అంగడిలో ఇస్తే కరెంటు చక్రం మీద పెట్టి తెచ్చిచ్చినాడు. అంచు నీలం రంగు తిరిగింది. అప్పట్నుంచి వేపకొమ్మకే మొండి పోతోంది.
– ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: ఉక్కు నీలం తిరిగిందంటే ఆ చోట వేడి దాదాపు 300 డిగ్రీలకు చేరింది. కెటిల్ నీళ్లతో పట్టిన గట్టిదనం అక్కడ పోయింది. నీలం పట్టిన భాగం కిందిదాకా, అంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు, చేత్తో నూరి తీసేస్తే లోపలి గట్టి ఉక్కు బయటపడొచ్చు. అయినా మొండి పోతుంటే మళ్లీ పదును పట్టించక తప్పదు.

కుక్రీ అంచు చదునైన ఏటవాలు కాదు, ఉబ్బుగా గుండ్రంగా దిగుతుంది. అందువల్ల చదును రాయి మీద నూరితే ఆ ఉబ్బు పోయి అంచు పలచబడి పెచ్చులూడుతుంది. మెత్తటి రబ్బరు పలక మీద నీటి ఎమరీ కాగితం పరచండి. 400 నంబరుతో మొదలుపెట్టి 800, తర్వాత 1200 వాడండి. పక్కకు 20 నుంచి 25 డిగ్రీలు ఎత్తి పెట్టి, అంచు వెనక్కి పోయేలా ఈడ్వండి. అంచును ముందుకు తోస్తే కాగితం చిరుగుతుంది. రెండో వైపున అంచు మడిచిన సన్నని గరుకు వేలికి తగిలితే ఆ వైపు చాలు, కత్తి తిప్పండి. ఆఖరున పాత బెల్టు తోలు మీద ఇరవైసార్లు. తెల్లకాగితం కోసేంత పదును పనికత్తికి అక్కర్లేదు, అంత పలచన చేస్తే ఎండుకట్టె మీద నిలవదు.

ప్రశ్న: ఎండాకాలం కారులో ఉంచితే పిడి లొడలొడ అంటోంది. కొమ్ము పిడికి పగులు కూడా పట్టింది.
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: లాహా అనేది బంకలాంటి జిగురు, వేడికి మెత్తబడుతుంది. మే నెలలో మూసిన కారు లోపల అంత వేడి పుడుతుంది. వెనక బిళ్ల బిగువుగానే ఉంటే నీడలో చల్లబడ్డాక తనంతట అదే పట్టుకోవచ్చు. లేకపోతే పిడి ఊడదీసి, పాత బంక గీకి, అరల్డైట్ లాంటి రెండు గొట్టాల జిగురుతో నింపి ఒక రోజంతా కదపకుండా ఉంచండి. ఊగే పిడితో ఒక్క దెబ్బ కూడా వేయకండి.

బర్రె కొమ్ము మన పొడి గాలికి ఎండి పగులుతుంది. పగులుకు జిగురు పట్టించి, నెలకోసారి నూనె రాయండి. సీమకు కొమ్ము పిడి కంటే సిస్సూ కర్ర పిడి నయం. బ్లేడుకు కుట్టుమిషను నూనె పలచగా చాలు. వేరుశనగ నూనె వద్దు, బంకలా గడ్డకట్టి దుమ్ము పడుతుంది. వాన నెలల్లో కత్తిని తోలు ఒరలోనే వదిలేస్తే తుప్పు పడుతుంది. గుడ్డ చుట్టి విడిగా పెట్టండి.

ప్రశ్న: ఇంట్లో కుక్రీ ఉంచుకోవడం నేరమా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: 2016 నాటి ఆయుధ నియమాల పట్టికలో కుక్రీ పేరు నేరుగా ఉంది. బ్లేడు 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉంటే అది ఆయుధాల లెక్కలోకి వస్తుంది. ఇంటిపనికి, సేద్యానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు తయారైనవి మినహాయింపు. 1959 ఆయుధ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, ఇలాంటివి దగ్గర ఉంచుకోవడానికి లైసెన్సు కావాలనేది కేంద్రం ప్రకటించిన ప్రాంతాల్లో వర్తిస్తుంది. కాబట్టి కొనేముందు మీ పోలీస్ స్టేషన్‌లో అడిగి తెలుసుకోండి. గూర్ఖాలకు కుక్రీ, సిక్కులకు కిర్పాన్ విషయంలో ప్రత్యేక మినహాయింపు ఉంది, అది మనకు వర్తించదు.

ఇంట్లో ఉంచడం ఒకటి, నడుముకు కట్టుకుని తిరగడం వేరొకటి. ఎన్నికలప్పుడు, నిషేధాజ్ఞలున్నప్పుడు బయటికి తీయకండి. కడప వైపు లంకమల, పాలకొండల్లో ఎర్రచందనం ఉంది. ఆ అడవుల్లోకి ఏ నరికే కత్తితో వెళ్లినా చిక్కే. విమానంలో చేతిసంచిలో పెట్టుకోనివ్వరు.

ప్రశ్న: లారీ కమాన్ పట్టీ ముక్క ఉంది. మా ఊరి కమ్మరాయనతో కుక్రీ చేయించుకోవచ్చా?
– ఒక రైతు, ఎమ్మిగనూరు

జవాబు: ఆయుధ కొలతల్లో ఉన్న కత్తిని అమ్మకానికి చేయడానికి ఆయుధ చట్టం ఐదో సెక్షన్ కింద లైసెన్సు ఉండాలి. మీ కోసం ఆయనను చిక్కుల్లోకి నెట్టడం న్యాయం కాదు. అదే పట్టీతో పొలానికి మంచి మచ్చుకత్తి చేయించుకోండి. కుక్రీ పదును పట్టే పద్ధతిని మాత్రం దానికి వాడమనండి.

పట్టీ వాడినదైతే ముందు పగుళ్లు చూడాలి. లారీ కింద ఏళ్ల తరబడి వంగి వంగి అలసిన ఉక్కు అది. కొట్టి ఆకారం తెచ్చాక, అంచు నాణెం మందం మిగిలేలా నూరి ఆపాలి. పలచన చేసి కాలిస్తే అంచు అలలు తిరుగుతుంది. కాల్చేటప్పుడు అయస్కాంతం అంటుకోవడం మానేశాక ఇంకొంచెం ఎర్రబడనివ్వాలి. తెల్లబడితే ఉక్కు కాలిపోయినట్టే. ఈ ఉక్కును మొత్తంగా చల్లనీళ్లలో ముంచితే పగిలే అవకాశం ఎక్కువ. నూనెలో అంచు మాత్రం ముంచడం క్షేమం. కెటిల్‌తో పోసే పని చేయి తిరిగినవాళ్లదే, ధార ఒకచోట ఆగితే అక్కడే చీలుతుంది.

చల్లారాక అలాగే వాడితే గాజులా పెళుసు. అంచును నునుపుగా రుద్ది, వెన్నును నిప్పుల మీద మెల్లగా కాచి, అంచుకు ఎండుగడ్డి రంగు రాగానే దించమనండి. ఆ రంగు దాటి ఊదా వైపు పోనిచ్చారంటే మెత్తబడింది, మళ్లీ మొదటి నుంచి కాల్చాల్సిందే. చివరి నూరుడు ఆ తర్వాతే, అదీ నీళ్లు చల్లుకుంటూ.